తేడాలో ఎవరి వంతు

హైమవతి గారిని ఏదైనా ప్రశ్న అడగాలంటే ముందు చేతులు ఖాళీ చేసుకుని వెళ్ళాలని మా కాలేజీ పిల్లలు చెప్పుకునేవారు. అడిగినవాడి చేతికి ఆవిడ మొదట ఏదో ఒక బరువు అందించేవారు. అది ముక్కాలి స్టాండు కావచ్చు, కొలత గొలుసు కావచ్చు, ఏదీ దొరక్కపోతే తన గొడుగే కావచ్చు. "ఇది పట్టుకుని నాతో రా" అని చెప్పి బయటికి నడిచేవారు. జవాబు ఆ దారిలో ఎక్కడో కొందరికి దొరికేది. దొరకనివాళ్ళకి కనీసం ఆకలి వేసేది. ఆవిడ గదికి పక్కగదిలో కాంక్రీటు పాఠాలు చెప్పే నా పద్ధతి వేరు. నా దగ్గరికి ప్రశ్న పట్టుకొచ్చినవాడు కుర్చీలో కూర్చుని, చల్లగా ఫ్యాను కింద ఉపన్యాసం మొత్తం విని, ఏమడగడానికి వచ్చాడో మరిచిపోయి వెళ్ళేవాడు. ఇద్దరిలో ఎవరు మంచి గురువో తేల్చడానికి కాదు నేను ఇది రాస్తున్నది. ఆ సంగతి పిల్లలు ఎప్పుడో తేల్చేశారు.

మాది సముద్రానికి దగ్గరలో, జీడిమామిడి తోటల మధ్య ఒక మెట్ట మీద కట్టిన ఇంజనీరింగు కాలేజీ. హైమవతి గారు సివిల్ విభాగంలో సర్వే పాఠం చెప్పేవారు. రిటైరయ్యే వయసు దగ్గరపడింది. నేత చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు, నెత్తిన గొడుగు, ఇదీ ఆవిడ వేషం. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం నవ్వేవారు. రెండో వారం నుంచి ఆవిడ నడకని అందుకోలేక ఒగర్చేవారు కాబట్టి నవ్వడానికి ఊపిరి మిగిలేది కాదు.

రెండో సంవత్సరం మొదటి సెమిస్టరు గ్రేడ్లు వచ్చిన రోజుల్లో జరిగిన విషయం ఇది. సింహాద్రి అనే కుర్రాడు ఆ తరగతిలో ఉండేవాడు. పలాస అవతల చిన్న ఊరు వాడిది. తండ్రి టెంట్ హౌస్‌లో పనిచేసేవాడు. పెళ్ళిళ్ళకి షామియానాలు కట్టడం, కుర్చీలు మోయడం ఆయన పని. ఇంటర్‌లో కొడుక్కి మంచి ర్యాంకు వచ్చినప్పుడు ఆయన బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడట. కట్టడం ఆయనకి వచ్చిన విద్యే గనక గాలివానలు ఎన్ని వచ్చినా అది ఊడలేదు. మామూలుగా అలాంటి ఫ్లెక్సీలు పండగ దాటగానే మేకలు కట్టేసిన పాకల మీదికి చేరతాయి. ఇది మాత్రం అలాగే నిలబడి, సెలవులకి ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ సింహాద్రికి సింహాద్రినే చూపించేది.

చిన్నప్పటినుంచీ క్లాసులో మొదటి వరసలో ఉన్న ఆ కుర్రాడికి ఈసారి గ్రేడ్లు దారుణంగా వచ్చాయి. ఒక సబ్జెక్టు పోయింది. మిగతావి పోకుండా ఉన్నాయన్న మాటే గానీ చూసుకుని సంతోషించేలా లేవు. హాస్టల్లో పక్క గది కుర్రాళ్ళు ఇంతకంటే తక్కువ తెచ్చుకుని, సాయంత్రానికి క్యాంటీన్‌లో బజ్జీలు తింటూ సప్లిమెంటరీ గురించి జోకులు వేసుకున్నారు. వీడికి ఆ అలవాటు లేదు. ఓడిపోవడానికి కూడా కొంత అభ్యాసం కావాలి కదా, మన పిల్లలకి అది మనం నేర్పం. గదిలో తలుపేసుకుని, ఎక్కడ దెబ్బతిన్నానా అని వెనక్కి లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు. అక్క పెళ్ళికి వెళ్ళి వారం ఉండిపోవడం తప్పా? తెలుగు మీడియంలో చదివి ఇక్కడికి రావడం తప్పా? సివిల్ తీసుకోవడమే తప్పా? ఒక్కొక్కటీ తీసి చూసి పక్కన పెట్టగా చివరికి మిగిలింది వాడొక్కడే. తప్పు తనేనని నిశ్చయం చేసుకున్నాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసే తండ్రికి జవాబివ్వడం మానేశాడు. ఊరివాడొకడు చెన్నైలో ఏదో గోడౌన్‌లో పనిచేస్తున్నాడు. ఆ సాయంత్రం బండికి అక్కడికి వెళ్ళిపోవాలని సంచి సర్దుకున్నాడు. ఇంట్లో చెప్పే ఉద్దేశం లేదు. కాలేజీకి మాత్రం చెప్పాలనిపించిందట. చెప్పకుండా వెళ్తే మర్యాదగా ఉండదని. అంతటి స్థితిలోనూ మర్యాద గురించి ఆలోచించిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అలా మధ్యాహ్నం దాటాక హైమవతి గారి గది గుమ్మంలో నిలబడ్డాడు. తలుపులు తెరిచే ఉండటం వల్ల వాళ్ళ మాటలు నాకు వినిపించాయి.

"మేడం, నాకు టీసీ ఇప్పించండి. వెళ్ళిపోతానండి."

"ఎక్కడికి?"

దానికి బదులు వాడు వేరే మాట అడిగాడు. "మేడం, తప్పెక్కడ జరిగిందో నాకు తెలియడం లేదండి. ఎంత వెతికినా నా దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఇంజనీరింగుకి నేను పనికిరానా?"

నేనైతే అప్పటికే గొంతు సవరించుకుని ఉండేవాణ్ణి. ఓటములూ విజయాలూ, మహానుభావుల జీవితాలూ నా నాలిక చివర సిద్ధంగా ఉంటాయి. ఆవిడ మూలనున్న పాత లెవెల్ దుర్భిణి పెట్టె తీసి వాడి చేతిలో పెట్టారు. గీతలూ అంకెలూ ఉన్న పొడవాటి స్టాఫ్ కర్ర తను భుజాన వేసుకున్నారు.

"ఆ స్టాండు కూడా తీసుకో. బెంచ్‌మార్కు దగ్గరికి పద" అన్నారు.

"ఇప్పుడా మేడం? నేను సాయంత్రం బండికి..."

"చీకటి పడేలోపు అయిపోతుంది" అని ఆవిడ అప్పటికే వరండా దిగిపోయారు. బండి సంగతి ఆవిడకి వినిపించిందో లేదో నాకు తెలియదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఇక్కడినుంచి జరిగింది చాలావరకు నేను చూడలేదు. సింహాద్రి చెప్పినదాన్నిబట్టి రాస్తున్నాను. సర్వే తెలియని పాఠకుల కోసం ఒక ముక్క చెప్పాలి. మా విభాగం మెట్ల పక్కన రాతిలో దిగ్గొట్టిన ఇనుప బోల్టు ఒకటి ఉంది. దాని ఎత్తు ఎంతో ఖాయంగా తెలుసు. దాన్నే బెంచ్‌మార్కు అంటారు. అక్కడ మొదలుపెట్టి, ఒకరు స్టాఫ్ కర్ర నిలబెడితే ఇంకొకరు లెవెల్ దుర్భిణిలోంచి దాని మీద అంకె చదువుతూ, మజిలీ మజిలీకి ఎత్తుపల్లాలు కొలుచుకుంటూ పోవాలి. చుట్టూ తిరిగి మళ్ళీ అదే బోల్టు దగ్గరికి రావాలి. వచ్చాక లెక్క వేస్తే మొదట ఉన్న ఎత్తే తేలాలి. ఎప్పుడూ తేలదు. ఎంత జాగ్రత్తగా కొలిచినా కొద్దిపాటి తేడా వస్తుంది. మా పిల్లల లెక్కల్లో మాత్రం ఆ తేడా ఏటా సున్నా. చివరి రీడింగు చెరిపి, కావలసిన అంకె వేసి, పని ముగించేవారు. దానికి వాళ్ళ భాషలో 'కలిపెయ్యడం' అని పేరు. ఈ మెట్టా తుప్పలూ మా విద్యార్థులకి అంతగా లొంగిపోయినందుకు మేము కూడా ఏమీ అనకుండా మార్కులు వేసేవాళ్ళం.

మొదటి సగం దూరం ఆవిడ చదువుతానన్నారు, వాడు కర్ర పట్టుకున్నాడు. క్యాంటీన్ పక్కనుంచి, వర్క్‌షాపు వెనకనుంచి నడిచారు. తారు రోడ్డు మీద ఎండకి గాలి అలలు అలలుగా ఊగుతోంది. అలాంటి చోట దుర్భిణిలో అంకెలు కూడా ఊగుతాయి. ఆవిడ చాలాసేపు కన్ను ఆనించి ఉంచి, ఇక లాభం లేదనుకుని, కనిపించినంతలో చదివి చెప్పారు. వాడు రాసుకున్నాడు. ఒకచోట జీడిమామిడి కొమ్మ అడ్డం వచ్చింది. వాడు ఒక చేత్తో కొమ్మనీ ఒక చేత్తో కర్రనీ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకోచోట ఆవిడ స్టాండు పెట్టిన నేల ఇసుకది. చదువుతుండగానే ఒక కాలు కాస్త కిందికి దిగింది. సరిచేసుకుని మళ్ళీ చదివారు. ఈ దారిలో ఎక్కడా గ్రేడ్ల మాట ఆవిడ ఎత్తలేదు. వాడు రెండుమూడుసార్లు ఎత్తబోయాడు. "కర్ర నిటారుగా పట్టుకో నాన్నా" అనే జవాబు వచ్చింది.

హాస్టలు మెస్సు ముందు మజిలీ పడింది. వంట చేసే రాజులమ్మ చింతపండు ఎండబెడుతూ వీళ్ళని చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఈ బాబు నిన్నటేల నుంచి అన్నానికి రానేదు మేడం గారూ. ఒంట్లో బాగునేదేటో అడగండి" అంది.

హైమవతి గారు వాడి వైపు చూశారు. వాడు కర్ర మీద అంకెల వైపు చూశాడు. "బాగానే ఉన్నాడు. ఏదైనా ఉంటే పెట్టు తల్లీ" అని మెట్టు మీద కూలబడ్డారు. రాజులమ్మ మధ్యాహ్నం మిగిలిన అన్నంలో పప్పుచారు పోసి, పక్కన వేపిన వడియాలు వేసి తెచ్చింది. వద్దంటూనే కూర్చున్నవాడు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. ఆవిడ ఆ పక్కన కూర్చుని లెవెల్ అద్దాన్ని చీర చెంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. తినేవాణ్ణి చూస్తూ కూర్చుంటే తినేవాడికి ఇబ్బందని ఆవిడకి తెలుసు.

అక్కడినుంచి చేతులు మారాయి. వాడు చదవాలి, ఆవిడ కర్ర పట్టుకోవాలి. మా లెవెల్ పాతకాలపుది, దానిలోంచి చూస్తే అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. వాడు కన్ను ఆనించగానే హైమవతి గారు బూట్లు పైకీ గొడుగు కిందికీ వేలాడుతూ కనిపించారు. ఆ గొడుగుని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో కర్ర పట్టుకుని, ఎంతో గంభీరంగా ఆకాశం లోకి నిలబడి ఉన్నారు. వారం రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చిందని, అది దూరానికి కనిపించకుండా దుర్భిణి చాటున నవ్వుకున్నానని వాడు నాతో చెప్పాడు.

ఆ నవ్వు పోకముందే ఇంకొకటి కూడా చూశాడు. కర్ర ఊగుతోంది. ఎండకి గాలి ఊగడం కాదు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. దగ్గర్నుంచి కనిపించని ఆ వణుకు దుర్భిణిలో బాగా తెలుస్తోంది. కర్ర ముందుకి వాలి, నిటారుకి వచ్చి, మళ్ళీ వాలుతోంది. కర్ర ఊగితే చదివే అంకె తప్పుతుందని, గట్టిగా పట్టుకోమని అరవాలని పాఠంలోనే ఉంది. వాడు అరవలేదు. కర్ర నిలబడే క్షణం కోసం కాచుకుని, అంకె పట్టుకుని, "చదివానండి" అని చెయ్యి ఊపాడు. ప్రతి మజిలీలోనూ అలాగే చేశాడు. నీళ్ళ ట్యాంకు దాటి, ఆటస్థలం అంచు పట్టుకుని, సరుగుడు చెట్ల నీడల్లోంచి నడిచి, పొద్దు వాలుతుండగా బోల్టు దగ్గరికి తిరిగొచ్చారు.

మెట్ల మీద కూర్చుని లెక్క చూసుకున్నారు. వాడు కూడికలూ తీసివేతలూ చేసి చివరి అంకె దగ్గర ఆగిపోయాడు. మొదలుపెట్టిన ఎత్తుకీ వచ్చిన ఎత్తుకీ తేడా ఉంది. పెద్దది కాదు, మన వేలి గోరు వెడల్పంత. వాడు జేబులోంచి రబ్బరు తీసి, చివరి రీడింగు చెరిపేశాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నారు హైమవతి గారు.

"కలిపేస్తున్నానండి. ఆఖరిది నేను తప్పు చదివుంటాను."

"చదివావా?"

"చదివే ఉంటాను మేడం. లేకపోతే తేడా ఎందుకొస్తుందండి?"

"ఆఖరిదే ఎందుకయ్యుండాలి? క్యాంటీన్ దగ్గరిది ఎందుకు కాకూడదు?"

"అది మీరు చదివింది కదండీ."

ఆవిడకి నవ్వు వచ్చిందట. పైకి మాత్రం నవ్వలేదు. చెరిపిన చోట మొదట చదివిన అంకే మళ్ళీ రాయమన్నారు. ఆ తర్వాత, "సరే, తప్పెక్కడుందో వెతుకు. దొరికినచోట దిద్దుదాం. నేనేం తొందరలో లేను" అన్నారు.

వాడు వెతికాడు. కూడికలు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చేశాడు. సరిగ్గానే ఉన్నాయి. ఒక్కొక్క మజిలీనీ గుర్తుచేసుకున్నాడు. తారు రోడ్డు దగ్గర అంకెలు ఊగాయి, కానీ ఆవిడ ఓపిగ్గానే చూశారు. కొమ్మ అడ్డం వచ్చింది, కానీ పక్కకి తప్పించాడు. ఇసుకలో స్టాండు దిగింది, కానీ సరిచేశారు. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఇదే దొంగ అనడానికి లేదు. గేదెలు ఇళ్ళకి పోతున్నాయి, వరండాలో లైట్లు వేశారు. నేను తాళం వేసి వెళ్ళబోతూ వాళ్ళని చూసి, పలకరించాలనుకుని, ఎందుకో పలకరించకుండా అటు వెనకనుంచి వెళ్ళిపోయాను.

"ఎక్కడా తప్పు కనిపించడం లేదు మేడం" అన్నాడు చివరికి. "అయినా తేడా ఉందండి."

"మరి అలాంటప్పుడు ఏం చెయ్యాలని చెప్పాను క్లాసులో?"

వాడికి పాఠం గుర్తుంది. తేడా హద్దులో ఉంటే, దాన్ని ఏ ఒక్క మజిలీ నెత్తినా రుద్దకూడదు. నడిచిన దారినంతా లెక్కలోకి తీసుకుని మజిలీలన్నిటికీ తలా కాస్త పంచాలి. పరీక్షలో అయితే ఆ నియమం కామాలతో సహా అప్పజెప్పగలడు. ఇప్పుడు పెన్సిలు పట్టుకుని పంచడం మొదలుపెట్టాడు. పంచి, కాగితం ఆవిడకి ఇచ్చాడు.

హైమవతి గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. మెస్సు దగ్గరినుంచి బోల్టు దాకా ఉన్న మజిలీలన్నిటికీ వాటాలు వేసి ఉన్నాయి. కాలేజీ మెట్ల నుంచి మెస్సు దాకా ఉన్న మొదటి సగం ఎదురుగా అన్నీ సున్నాలే. తప్పంతా తను చదివినచోటే పంచి పెట్టుకున్నాడు.

"ఈ సగానికేదీ?"

"అవి మీవండి."

"నావి గనకే అడుగుతున్నాను."

ఆవిడ కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని మెల్లగా అడిగారు. "పోనీ, నువ్వు చదివిన సగంలో కర్ర పట్టుకున్నదెవరు?"

"మీరేనండి."

"ఈమధ్య నాకు చేతులు వణుకుతున్నాయి సింహాద్రీ. మందులు వాడుతున్నాను. దుర్భిణిలో నీకు కనిపించలేదా?"

"కనిపించిందండి."

"చెప్పలేదేం?"

ఎందుకు చెప్పలేదో వాడికి తెలుసు. ఆవిడకీ తెలుసు. ఏడుపు వచ్చేసింది. గ్రేడ్లు చూసినప్పుడు కూడా రాని ఏడుపు, తలుపేసుకున్న గదిలో రాని ఏడుపు, మెట్ల మీద, అందరూ వచ్చిపోయే దారిలో, మోకాళ్ళలో తల పెట్టుకున్నా ఆగకుండా వచ్చింది. ఆవిడ ఊరుకోమనలేదు. వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. ఆ చెయ్యి వణుకుతూ ఉండటం తనకి తెలుస్తూనే ఉందని, అది ఎంత సేపున్నా బాగుండుననిపించిందని సింహాద్రి నాతో అన్నాడు.

కొంచెం తెరిపినపడ్డాక ఆవిడ కాగితం వాడి ముందుకి జరిపారు.

"నా వంతు నాకు రాయి" అన్నారు. "నడిచిన దారిలో సగం నాది. నన్ను తీసేసి లెక్క చూస్తే అది తప్పుడు లెక్క."

వాడు ముక్కు తుడుచుకుని సున్నాలు చెరిపాడు. మొదటి మజిలీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇందాక వాటాలు తన వైపు బరువుగా ఉన్నాయి. ఇప్పుడు అన్ని చోట్లా పడేసరికి ఒక్కొక్కటీ ఎంత చిన్నదయిందంటే, పెన్సిలు మొన మొద్దుగా ఉంటే రాయడానికే చోటు చాలనంత. ఊరి చివర స్టేషనులో సాయంత్రం బండి వచ్చి, ఆగి, కూత వేసి వెళ్ళిపోయింది. వాడికి వినిపించింది. లెక్క మధ్యలో ఉన్నందువల్ల తలెత్తలేదు. అంతా రాసి, చివర్న కూడితే మొదలుపెట్టిన ఎత్తూ తిరిగొచ్చిన ఎత్తూ ఒక్కటిగా తేలాయి. ఏ రీడింగూ మారలేదు. చదివినవన్నీ చదివినట్టే ఉన్నాయి.

ఆవిడ లెవెల్‌ని పెట్టెలో సర్దుతూ, పోయిన సబ్జెక్టు పాఠాలు తన గదిలో కూర్చుని చదువుకోమని, చెప్పాల్సినవాళ్ళచేత మళ్ళీ చెప్పిస్తానని అన్నారు. చెప్పాల్సినవాడు ఎవరో మర్నాడు ఆవిడ నా గదికి వచ్చి నా చేతికి గొడుగు ఇచ్చినప్పుడు నాకు తెలిసింది. సింహాద్రి తల ఊపాడు. చెన్నై మాటా టీసీ మాటా ఇద్దరూ ఎత్తలేదు. వాడు ముక్కాలి స్టాండు మడుస్తుండగా జేబులో ఫోన్ మోగింది. చూసి, అలవాటు ప్రకారం నొక్కేయబోయాడు.

"నాన్నగారా?" అన్నారు హైమవతి గారు.

"అవునండి. రోజూ చేస్తాడు. 'ఏరా, ఫోనెత్తవేటి' అని మెసేజీలు కూడా పెడుతున్నాడు."

"మాట్లాడు మరి. ఆయన వంతు ఆయనకుంటుంది కదా."

వాడి చెయ్యి ఆగిపోయింది. "ఆయనకేం సంబంధం మేడం? పగలంతా కుర్చీలు మోసి వచ్చుంటాడు. ఇందులో మా నాన్న తప్పేముందండి?"

ఆవిడ స్టాఫ్ కర్ర భుజాన వేసుకుని, చీకట్లో మెట్టు తడుముకుంటూ లేచారు.

"తప్పని నేననలేదు నాన్నా. వంతన్నాను. ఫోనెత్తు."